‘బాగుంది’ అంటే ఒప్పుకోని సువార్తక్క

ఈ ఉదయం అంగడి తలుపులు తీసి, నిన్న పార్సిల్లో వచ్చిన కొత్త కాఫీ గింజలు కొన్ని మరలో ఆడించి, గరాటులో పరిచిన వడపోత కాగితంలో వేసి మొదటి విడత వేడినీళ్లు పోశాను. పొడి మెల్లగా ఉబ్బింది. పైన చిన్న చిన్న బుడగలు లేచి పగిలాయి. వాటిలోంచి బాగా మాగిన ఈతపండ్ల వాసన, దాని వెనకే పులిసిన జొన్న అంబలి వాసన వచ్చాయి. పక్కకు తిరిగి ‘అక్కా, ఈతపండు’ అనబోయాను. పక్కన ఎవరూ లేరు. సువార్తక్క పోయిన తర్వాత ఇది రెండో వేసవి. అయినా వాసన తగలగానే నా మెడ అటే తిరుగుతుంది.

కర్నూలులో బళ్లారి చౌరస్తాకు దగ్గర్లోని ఒక సందులో ఉంది మా అంగడి. పాలు, చక్కెర లేకుండా, గరాటు మీంచి సన్నటి ధారగా నీళ్లు పోసి దించే కాఫీ మాది. గింజలు కూడా మామూలువి కావు. చెట్టునుంచి కోసిన కాఫీపండ్లను గాలి చొరబడని డ్రమ్ముల్లో మూసి, కొత్త కొత్త పద్ధతుల్లో పులియబెట్టి, ఆ తర్వాత ఎండబెట్టినవి. అలా పులిసినప్పుడు ఒక్కో డ్రమ్ముకు ఒక్కో రుచి వస్తుంది. నడివేసవిలో కర్నూలు ఎండలో నడిచివచ్చి ఇలాంటి కాఫీ ఎవరు తాగుతారని అందరూ సువార్తక్కను అడిగినవాళ్లే. “నేను తాగుతా. నాకు తోడు ఇంగొగరు దొరక్కపోతారా?” అనేదామె. ఆ ఇంకొకరు నేనవుతానని అప్పటికి నాకు తెలియదు.

అప్పట్లో నేను ఒక చీరల అంగట్లో పనిచేసేదాన్ని. మాది కోడుమూరు దగ్గర పల్లె. డిగ్రీ అయ్యాక కర్నూలు వచ్చి, హాస్టల్లో ఉండేదాన్ని. పొద్దంతా చీరలు విప్పి చూపించడమే నా పని. ఏ చీర భుజాన వేసుకున్నా “మీకు బాగుందమ్మా” అనాలి. అలా అనీ అనీ చివరికి నాకు ఏది బాగుందో నాకే తెలియకుండా పోయింది. ఒకరోజు నెరిసిన జుట్టు బిగించి ముడివేసుకున్న పొడవాటి ఆడమనిషి వచ్చి, చర్చికి కట్టుకుపోవడానికి తెల్లచీర చూపించమంది. రెండు తీసి పక్కపక్కన పెట్టించుకుంది.

“ఏది బాగుండాది?”

“రెండూ బాగున్నాయమ్మా.”

“రెండూ ఎట్ల బాగుంటాయి మే? ఒగటన్నా నీకు నచ్చింటాది గదా?”

నేను నవ్వాను. ఆమె నా ముఖం చూడలేదు, నా చేతిని చూసింది. సన్న నీలంగీత అంచున్న చీర మడతను నేను అప్పటికే రెండుసార్లు సవరించానట. “నోరు చెప్పకపోయినా చెయ్యి చెప్తాంది. ఇదే కట్టియ్యి,” అని ఆ చీర తీసుకుంది. డబ్బు కట్టేటప్పుడు, “నాకొక కాఫీ అంగడి ఉండాది. మనిషి కావల్ల. వస్తావా?” అని అడిగింది. నేను “సరేనమ్మా” అన్నాను. ఎవరు ఏమడిగినా అలా అనడమే నాకు అలవాటు. అన్నాళ్ల ఆ అలవాటు వల్ల జరిగిన ఒకే ఒక్క మేలు అది.

సువార్తక్కది బేతంచెర్ల. భర్త పోయాక ఇంటి పక్కనే ఉన్న రాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ తనే నడిపింది. రాతిపొడి ఎగురుతుంటే కొంగు ముక్కుకు చుట్టుకుని కూలీలతో పాటు నిలబడి పని చేయించిన మనిషి. ఆమె బండలు చిక్కమగళూరు కొండల్లోని కాఫీ తోటలకు, పండ్లు ఆరబోసుకునే కళ్లాల్లో పరచడానికి వెళ్లేవి. ఒకసారి బండలు పగిలాయని తగాదా వస్తే తేల్చడానికి తనే లారీ ఎక్కి పోయింది. తోట యజమాని గౌడ గారు కోపం చల్లారడానికి ఒక గ్లాసు నల్లకాఫీ ఇచ్చారట. “తాగినా చూడు, నోట్లో నేరేడుపండు! యాడుండాది పండని గ్లాసులోకి తొంగి చూస్తి. తగాదా సంగతే మర్చిపోతి,” అని చెప్పి పొట్ట పట్టుకుని నవ్వేది. ఆ తర్వాత ఏళ్ల తరబడి బండలతో పోవడం, గింజలతో రావడం. కొడుకు చేతికి ఫ్యాక్టరీ అందగానే కర్నూలు వచ్చి ఈ అంగడి పెట్టింది.

నాకు నీళ్లు పోయడం తొందరగానే పట్టుబడింది. ధార ఎక్కడా తెగకుండా, మధ్యనుంచి బయటికి తిప్పుతూ పోయడం చీర మడతపెట్టడం లాంటిదే. చేతికి తెలిసిపోతుంది. కష్టమల్లా తర్వాతదే. కాఫీ దిగాక ఇద్దరం చెరొక చెంచా తీసుకుని, గాలితో కలిపి పెద్దగా జుర్రేవాళ్లం. ఆమె జుర్రితే వీధిలో పోయేవాళ్లు లోపలికి చూసేవారు. అప్పుడు ఆమె నావైపు తిరిగి, “ఏమనిపిస్తాంది?” అనేది.

“బాగుందక్కా.”

“బాగుందంటే రుచి గాదు. అది మర్యాద. మర్యాద చర్చిలో చూపిద్దువు గానీ, రుచి చెప్పు.”

అని ఊరుకునేది. మళ్లీ అడిగేది కాదు, మాట అందించేది కాదు, విసుక్కునేది కాదు. గిరాకీ వచ్చి నిలబడినా “ఉండప్పా, పాప చెప్తాంది” అని వాళ్లనూ ఆపేది. నేను తుడిచిన గరాటునే మళ్లీ మళ్లీ తుడిచేదాన్ని. మా ఇంట్లో నన్నెవరూ తిట్టి పెంచలేదు. కానీ నీకేం కావాలి, నీకెలా ఉంది అని అడిగినవాళ్లూ లేరు. వండింది తినేవాళ్లం, తెచ్చింది కట్టుకునేవాళ్లం. నా నాలుక మీద ఏముందో తెలుసుకోవడానికి ఒక మనిషి పని మానుకుని ఎదురుచూడడం నాకు కొత్త.

గింజల సంచి మీద ఏవో ఇంగ్లీషు పండ్ల పేర్లు ఉండేవి. నేను వాటిని చూసి, “బ్లూబెర్రీ అక్కా” అన్నాను ఒకరోజు.

“నువ్వెప్పుడన్నా తింటివా దాన్ని?”

“లేదు.”

“నేనూ తినలేదు. నువ్వు తిన్నదేందో చెప్పు.”

కళ్లు మూసుకుని మళ్లీ జుర్రాను. చాలాసేపటికి ఎక్కడినుంచో వచ్చింది. బడినుంచి వస్తూ చేను గట్టున కంపల్లో ఏరుకుని, లంగా జేబులో వేసుకుని, ఇంటికి వచ్చేసరికి నలిగిపోయిన పండ్లు. “రేగిపండ్లక్కా. ఎండిపోయి ముడతలు పడ్డవి. లోపల పులుపు, తోలు తీపి.” అక్క చెంచా కింద పెట్టి, మళ్లీ తీసుకుని, మళ్లీ జుర్రింది. “అవును మే. రేగిపండే! నాకు తట్టలేదు,” అని నా నెత్తిమీద చెయ్యి పెట్టింది. ఆ రోజు హాస్టలుకు నడిచిపోతూ దారిపొడవునా ప్రతిదాన్నీ వాసన చూశాను.

ఆమెకు ఒక కోరిక ఉండేది. మన కొండల్లో కాసే సీతాఫలాల గుజ్జుతో కాఫీపండ్లను కలిపి పులియబెట్టాలని. సీతాఫలాల కాలం ముగిసేలోపు చిక్కమగళూరులో కాఫీకోతలు మొదలవుతాయి. ఆ ఏడు బండల లారీ మీదే గంపలకొద్దీ సీతాఫలాలు వేయించుకుని పోయింది. గౌడ గారు తల పట్టుకున్నా వినకుండా డ్రమ్ములు నింపించింది. గింజలు ఎండి, వేగి, కర్నూలు చేరేసరికి ఎండలు ముదిరాయి. ఒక ఆదివారం ప్రార్థన కాగానే తెలిసినవాళ్లందరినీ అంగడికి పిలిచింది. నేనే నీళ్లు పోశాను. అందరూ తాగారు. అద్భుతం అన్నారు, సీతాఫలం తిన్నట్టే ఉందన్నారు. అక్క ముఖం వెలిగిపోతోంది. అందరూ వెళ్లాక చెంచా నా చేతికిచ్చింది.

జుర్రాను. మింగాను. ఆమె ఎదురుచూస్తోంది. అంత ఆశతో ఆమె నావైపు ఎప్పుడూ చూడలేదు. ‘బాగుంది’ అన్న మాట పెదవుల దాకా వచ్చింది.

“అక్కా, సీతాఫలం ఉంది. కానీ చెట్టున మాగింది కాదు. గంప అడుగున నలిగి, నల్లబడి, ఈగలు మూగింది. మింగినాక గొంతులో గోళ్లరంగు వాసన.”

అక్క తనూ ఒక చెంచా తీసుకుంది. ఈసారి శబ్దం లేకుండా తాగింది. బయటికి వెళ్లి అరుగు మీద కూర్చుంది. నా ఉద్యోగం పోయిందనుకున్నాను. గిన్నెలన్నీ కడిగి, తుడిచి, ఇక చేయడానికి ఏమీ మిగలక నేనూ వెళ్లి పక్కన నిలబడ్డాను.

“పొద్దున్నుంచి నాకూ అదే తగుల్తాంది లక్ష్మీ,” అంది వీధివైపే చూస్తూ. “అందరూ బాగుండాదంటాంటే నా నాలికే నాకు అబద్ధం చెప్తాందేమో అనుకుంటి. నువ్వు గూడా అట్లే అనింటే, నేను దాన్నే నమ్మేదాన్ని.” నా చెయ్యి పట్టుకుని లాగి పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ చేతి గరుకు, అరచేతిలో రాతిపనికి కాసిన కాయలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

మరుసటి ఏడు నన్నూ తీసుకుపోయింది. ఈసారి పండ్లు పచ్చిగా ఉండగానే వరిగడ్డిలో పొదిగి తీసుకెళ్లి, తోటలోనే మాగబెట్టాం. డ్రమ్ముల్ని చెట్ల నీడన పెట్టి తడిగోనెలు కప్పాం. పొద్దునా సాయంత్రం అక్క డ్రమ్ముకు చెవి ఆనించి వినేది. “ఇను మే, లోపల గుసగుసలు పోతాండాయి.” నేనూ ఆనించాను. నిజంగానే వాన మొదలయ్యే ముందు ఎండుటాకుల మీద పడే చినుకుల్లాంటి చప్పుడు. అక్కడే, మెట్లెక్కుతూ ఆమె ఆగి ఆగి ఊపిరి తీసుకోవడం చూశాను. చలికేమో అంది. కర్నూలు వచ్చాక డాక్టర్లు చలికి కాదన్నారు. ఏళ్ల తరబడి పీల్చిన రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందన్నారు.

ఆ గింజలు వేగి వచ్చేసరికి ఆమె మంచం పట్టింది. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం. నేను సామానంతా ఆటోలో వేసుకుని ఇంటికే వెళ్లాను. మధ్యాహ్నపు ఎండ కిటికీలోంచి పడుతోంది. అక్కడే గూట్లో గరాటు పెట్టి నీళ్లు పోశాను. చెంచా అందిస్తే ఆమె తల అడ్డంగా ఊపింది.

“జుర్రేదానికి గాలి లేదు. నువ్వు తాగు. నాకు చెప్పు.”

జుర్రాను. “సీతాఫలం లేదక్కా.”

“లేదా?” అంది చిన్నగా.

“ఇంకా రాలేదు. ముందు నిమ్మాకు నలిపినట్టుంది. కొంచెం చల్లారనీ.” ఇద్దరం ఎదురుచూశాం. “ఇప్పుడు లేతపాకం బెల్లం వస్తోంది.” మళ్లీ ఆగాం. కప్పు గోరువెచ్చగా అయింది. “వచ్చిందక్కా. గుజ్జు కాదు. గింజను చీకి ఉమ్మేశాక నాలుక మీద మిగులుతుంది చూడు, ఆ తీపి. పలచగా, చల్లగా.”

అక్క కళ్లు మూసుకుంది. మూసిన పెదవుల వెనక నాలుక కదలడం నాకు కనిపించింది. కంటి చివరనుంచి ఒక చుక్క గొట్టం మీదికి జారింది. “తెలుస్తాంది,” అంది. “ఇంగ చెప్పొద్దు. ఉండనీ నోట్లో.”

ఆ వానాకాలం ఆమె వెళ్లిపోయింది. అంగడి నడిపే బాధ్యత కొడుకు నాకే అప్పగించాడు.

పోయిన వారం మా నాయన కంటి పరీక్షకు కర్నూలు వచ్చి, మొదటిసారి అంగట్లో అడుగుపెట్టాడు. నేను శ్రద్ధగా కాఫీ దించి ఇచ్చాను. రెండు గుటకలు తాగాడు.

“ఎట్లుండాది నాయనా?”

“బాగుండాది పాపా.”

నేను ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఎదురుచూశాను. ఆయన వీధిలోకి చూశాడు, కప్పులోకి చూశాడు, నావైపు చూశాడు.

“నిజం చెప్పల్నా?”

“చెప్పు.”

“శానా పుల్లగుండాది. నాకిష్టం ల్యా. పాలు పోసి చక్కెరెయ్యి, తాగుతా.”

ఫలానాది ఇష్టం లేదని మా నాయన అనగా వినడం నాకు అదే మొదలు. నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి. లేచి పక్క హోటల్నుంచి పాలు తెచ్చి పొయ్యి మీద పెట్టాను. నా వెనక ఆయన చెప్తూనే ఉన్నాడు. కాఫీ పొగలు కక్కుతుంటేనే తనకిష్టమట, అమ్మ ఎప్పుడూ చల్లార్చి ఇస్తుందట, రాగిసంగటిలోకి పప్పు కంటే చెనక్కాయల ఊరిబిండి పచ్చడే మేలట, ఈ సంగతులు తననెవరూ అడగలేదట. పాలు పొంగడానికి వచ్చాయి. నేను మంట బాగా తగ్గించాను. అవి ఎంత నిదానంగా కాగితే ఆయన అంతసేపు చెప్తాడు.