బంగళా తోటకు పది నిమిషాలా

నేస్తమా, భోపాల్‌పట్నం పాత బంగళా ఇప్పుడు మ్యూజియం. చూడ్డానికి మా మనవరాలు మూడుసార్లు ప్లాను మార్చింది. చివరికి తోటకు పది నిమిషాలే రాసింది.

"చెట్లే కదా అమ్మమ్మా" అంది. ఒళ్ళు మండింది.

అది మనిద్దరం చదివిన బడి పక్క తోటే, గుర్తుందా? కొత్త పంట ముందుగా దేవుడికి పెట్టే కొత్తల పండుగ చేసేదాకా కొత్త మామిడికాయ ముట్టనిచ్చేవాడు కాదు తోటమాలి, దోర్ల తెగ తాత. ఒకసారి నేను దొంగతనంగా కొరికాను. సొన అంటి పెదవి పొక్కింది.

"ఏంది బిడ్డా, ఆగలేకపోయినవా?" అన్నాడు తాత. మా నాన్నకు చెప్పలేదు. నా తప్పుకు తనే ఆ ఏడాదంతా మామిడి తినలేదు.

తప్పయిందని తాతతో నేను ఒక్కసారీ అనలేదు. ఆ చెట్టు ఉందో లేదో ఫోనులోని ఫోటోల్లో తెలియడం లేదు. వెతకాలి.

ప్లానులో పది నిమిషాలు కొట్టేసి, ఒక పూట అని రాశాను.