జెండా మీద వరికంకులు

1976 జనవరి 20. ఉన్నవారు: పోర్టులో ఓడల సరుకు మోసే కళాసీ అయిన మా నాన్న, అత్త, పదేళ్ల నేను.

ఇన్నేళ్ల తర్వాత, నిన్న పేపర్లో కొన్ని దేశాల కూటమి గుర్తు చూసి ఈ పాత డైరీ తీశాను. ఆ రోజు రేవులో ఓ విదేశీ ఓడ మీద అదే గుర్తున్న జెండా చూశాను. కట్ట కట్టిన వరికంకులు. ఒక్కో కంకి ఒక్కో దేశమని అప్పుడు తెలియదు. మా చూరుకు కట్టే వరి కుచ్చులాగే పిచ్చుకల కోసం అనుకున్నాను.

"నాన్నా, బొమ్మ గింజలు పిట్టలెలా తింటాయి? పస్తుంటాయి కదా!" అని ఏడ్చాను.

"ఓడోలికి నీ పిట్టల గోలేటే, ఎర్రిమొగమా!" అంది అత్త.

నాన్న నవ్వలేదు. సాయంత్రం మా కుచ్చులో సగం విప్పి ఓడకు పట్టుకెళ్లాడు. "ఆళ్లవీ వరి పండే ఊళ్లేనమ్మా, కాదనరు" అన్నాడు.

మర్నాడు ఉదయం మళ్లీ రేవుకు వెళ్లాం. జెండా కింద మా కంకులు వేలాడుతున్నాయి. వాటి మీద రెండు పిచ్చుకలు.