దిమ్మె మీద దస్తీ

నిన్న టీవీలో విదేశాల నుంచి తిరిగొచ్చిన పాత విగ్రహాలను చూపించారు. చెక్కపెట్టెలోంచి ఒక దేవతను దించే ముందు ఒకతను బల్ల మీద గుడ్డ పరిచాడు. ఆ గుడ్డ చూడగానే మా ఊరి గుడి గుర్తొచ్చింది.

మాది బాన్సువాడ పక్క పల్లె. నేను రెండో తరగతిలో ఉండగా మా గుళ్ళోని నల్లరాతి అమ్మవారిని దొంగలెత్తుకుపోయారు. నూనె జిడ్డు వాసన వేసే దిమ్మె ఒక్కటే మిగిలింది. కొత్త విగ్రహం పెడదామన్నారు పెద్దలు. రోజూ దీపం పెట్టే మా అవ్వ ఒప్పుకోలేదు.

"గామె తిరిగొస్తే యాడ కూసుంటది? గా జాగ గట్లనే ఉండనియ్యిండ్రి," అంది.

నాకు దిగులు పట్టుకుంది. జాగా కాపాడటానికి నాకు తెలిసిన ఉపాయం ఒక్కటే. బాన్సువాడ బస్టాండులో బస్సు ఆగీ ఆగకముందే మా బాపు కిటికీలోంచి సీటు మీద దస్తీ వేసేవాడు. ఇక ఆ సీటు మాదే. మర్నాడు బడికి వెళ్తూ నా ఎర్రగళ్ళ దస్తీని దిమ్మె మీద పరిచాను.

సాయంత్రం అవ్వ అడిగింది: "గీ దస్తీ ఎవలిదే?"

"నాదే. అమ్మవారికి సీటు ఆపిన."

తిడుతుందనుకున్నాను. కనీసం నవ్వలేదు కూడా. దస్తీ ముడతలు సరిచేసి, దాని పక్కనే దీపం పెట్టింది.

టీవీలో చూపించింది మా అమ్మవారిని కాదు. మా అమ్మవారికి ముక్కు చివర చిన్న పెచ్చు ఊడి ఉంటుంది, ఎక్కడున్నా గుర్తుపడతాను. అయినా మనసు ఆగక ఊళ్ళో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసి, దిమ్మె ఎలా ఉందని అడిగాను.

"గట్లనే ఉన్నదక్కా. దస్తీ పాతగైతే ఎవలో ఒకలు కొత్తది ఏస్తనే ఉంటరు," అన్నాడు.