పేరు చెప్పని పసరు

మా బర్రె రాణి ఆ ఉదయం కుడితి తొట్టి దగ్గరకు వచ్చి, మూతి పెట్టకుండా ఊరికే నిలబడింది. తిండి దగ్గర సిగ్గెరగని జీవి అది. దగ్గరికెళ్లి చూస్తే గొంతు కింద సంచిలా నీరు దిగి ఉంది. అసలే నిండు చూలు. అత్తను కేకేశాను.

మా అత్త తడిమి చూసి, "కామెర్లే ఇది" అని తేల్చేసింది. పశువులకు పసరు పోయడంలో మైపాడు దాకా ఆమెకు పేరుంది. పంట కాలువ గట్టున ఆకు కోసుకొచ్చి, నూరి, వెదురు గొట్టంతో తాగించింది. ఏం ఆకని అడగకూడదు. పేరు బయటపెడితే పసరు పనిచేయదని వాళ్ల నాయన ఒట్టు వేయించుకున్నాడట. కాపురానికొచ్చి ఇన్నేళ్లయినా నాకూ చెప్పలేదు, మహాతల్లి!

రాణి తేరుకోలేదు. పేడ నీళ్లలా పడింది, కనురెప్పల లోపల తెల్లగా పాలిపోయింది. ఇక ఆగలేక పశువుల డాక్టరు గారిని పిలిపించాను. ఆయన పేడ శాంపిల్ తీసుకెళ్లి టెస్ట్ చేసి, సాయంత్రం మళ్లీ వచ్చారు.

"లివర్ ఫ్లూక్, అంటే కాలేయంలో చేరే పురుగు. నత్తలుండే కాలువ గట్ల మేతతో వస్తుంది. ఇంతకు ముందు ఏం పోశారు?"

"పసరు," అన్నాను.

"ఏ పసరమ్మా? చూలు పశువు, లివర్ దెబ్బతిని ఉంది. లోపల ఏముందో తెలియకుండా నేను మందు తాగించలేను."

అత్త వెదురు గొట్టాన్ని కొంగు చాటుకు లాక్కుంది.

"చెప్పత్తా! అది చచ్చిపోతాది!" అని అరిచాను. ఆమె మీద గొంతెత్తడం అదే మొదలు. ఆమె విసురుగా బయటికి వెళ్లిపోయింది. అలిగి పోయిందనుకుని నాకు ఏడుపొచ్చింది.

కాసేపటికి చీరంతా బురదతో తిరిగొచ్చింది. వేళ్లతో సహా పీకిన మొక్కను డాక్టరు గారి చేతిలో పెట్టింది.

"చూసుకో సార్. పేరు మాత్రం నేను జెప్పలా."

ఆయన ఆకు నలిపి చూశారు. "గుంటగలగర. దీంతో భయం లేదు పెద్దమ్మా."

నేను తలనూనెలో కాచే ఆకే! ఇన్నేళ్ల రహస్యం అదా అని నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయన మాత్రం నవ్వలేదు. "కానీ ఆ గట్టు మీద పచ్చి ఆకుకు ఫ్లూక్ పిల్లలు అంటుకుని ఉంటాయి. మందుతో పాటు రోగాన్నీ పోస్తున్నావు."

అత్త ఉన్నచోటే కూలబడింది.

డీవార్మింగ్ మందు తాగించి, లివర్ టానిక్ రాసి ఆయన వెళ్లారు. మర్నాడు రాణి లేవలేదు. అత్త అన్నం ముట్టకుండా దాని మెడ మీద చెయ్యేసి కూర్చుంది. ఎండ దిగే వేళకు రాణి నెమరు వేయసాగింది. ఆ చప్పుడు విని ఇద్దరం ఏడ్చాము.

ఇప్పుడు పెరట్లో దూడ గంతులేస్తోంది. ఆ మొక్కను అత్త ఇంట్లోనే కుండీలో పెంచుతోంది. డాక్టరు గారిని అడగనిదే కోయదు. పేరు మాత్రం ఇప్పటికీ పలకదు, "ఆ కుండీలోది" అంటుంది. మీకూ అలాంటి ఒట్టుంటే పలకొద్దు. మొక్కను పీకి తెచ్చి డాక్టరు చేతిలో పెట్టండి, చాలు.