తియ్యచెట్టు పక్కన బావి

మంచిర్యాల శివారులో మేముండే కాలనీ ఒకప్పటి మామిడితోట. ఇప్పుడు పచ్చడికి కాయ కావాలన్నా బజారుకు పోవాల్సిందే. ఆ తోటను ఏటా కాపు గుత్తకు పట్టింది మా బాపే. నా మొగుడు దుబాయి ఎండల్లో మాడి పంపిన పైసలతో అందులోనే ప్లాటు కొని ఇల్లు కట్టుకున్నాం. బాపు కాపు కాసిన తోటలో బిడ్డ ఇల్లు అని కనిపించిన వాళ్లందరికీ చెప్పుకున్నాను. నా నోరు ఊరుకోదు కదా.

పునాది తవ్వుతుంటే నల్లబడ్డ మామిడి కట్టెలు బయటపడ్డాయి. తోట కదా, వేర్లుంటాయన్నాడు మేస్త్రీ. మామిడి కట్టె మంచిదని వాటిని ఎండబెట్టి, గృహప్రవేశం నాడు వాటితోనే పాలు పొంగించాను. ఆ రోజు బాపు రాలేదు. మోకాళ్ల నొప్పులన్నాడు.

వచ్చింది మొన్న, వానలు మొదలయ్యాక. చెప్పులైనా విడవకుండా రోడ్డు మీది పాత మోరీ దగ్గర నుంచి అంగలు లెక్కపెట్టుకుంటూ ఇంట్లోకి వచ్చాడు. తోటలో చెట్టుకూ చెట్టుకూ పది అంగలు, కాయ రుచిని బట్టే ఒక్కో చెట్టుకూ పేరు. హాల్లో ఆగి, "గీడ పీచుచెట్టు" అన్నాడు. లెక్క సాగించి నా బిడ్డ పడుకునే వెనక గదిలో నిలబడ్డాడు.

"గీడ తియ్యచెట్టు. దీని పక్కనే బావి."

"బావి పూడ్చిన్రు గద బాపూ?"

"పూడ్చింది నేనే బిడ్డా."

తోట కొట్టేసినప్పుడు బాపు అక్కడే కూలికి పోయాడట. మట్టి తోలించడం దండగని, నరికిన చెట్ల మొద్దులతోనే బావి నింపి పైన కాస్త మట్టి పరిచారు. కట్టె ఎన్నాళ్లుంటుంది? మురిగిపోతుంది. పైనున్న నేల కుంగుతుంది.

"ప్లాటు కొన్ననాడు ఎందుకు చెప్పలే?"

"నువ్వు గంత ఖుషీగ ఉంటివి. గీ జాగా కాదేమో అనుకున్న."

ఒళ్లు మండిపోయింది. అరిచాను కూడా.

బిడ్డ గోలీ తెచ్చి నేల మీద పెట్టింది. అది దానంతటదే దొర్లి మూలకు పోయింది. గోడకూ బండలకూ నడుమ వేలు దూరేంత సందు. బిడ్డకు అదో ఆట, మళ్లీ మళ్లీ వదిలి నవ్వుతోంది. దాని రెక్క పట్టి బయటికి గుంజి, గదికి తాళం వేశాను. అప్పటి నుంచి వాన చప్పుడైతే చాలు, తలుపుకు చెవి ఆనించి వింటాను. బాపు అన్నం ముట్టకుండా ఆ తలుపు ముందే కూర్చుంటున్నాడు.

ఈ పొద్దున దుబాయి నుంచి ఫోన్ వచ్చింది.

"సెలవు దొరికింది. వచ్చే నెల వస్తున్న. ముగ్గురం గా ఎనుక గదిలనే పండుకుందాం. పెద్ద మంచం కొంట."

ఎన్నేళ్లకో ఆయన గొంతులో అంత ఖుషీ విన్నాను. బాపు నా మొహంలోకే చూస్తున్నాడు. తాళంచెవి కొంగుకు ముడేసుకుని, సరేనన్నాను.