హాలు తాళంచెవి

ఎమ్మెస్సీ చదువుతూ లండన్‌లో క్లీనింగ్ షిఫ్టులు చేసేటప్పుడు నాకు తెలిసిన కొలంబియా ఆంటీ, తోటి లాటిన్ అమెరికా క్లీనర్లకు నాయకత్వ తరగతులు నడిపేవారు. తరగతి జరిగే హాలు తాళంచెవి వారానికొకరి చేతిలో పెట్టేవారు. ఆ వారం తలుపు తీసి తరగతి నడపాల్సింది వాళ్ళే.

ఒక శనివారం, ఎప్పుడూ నోరు విప్పని ఒకామె వంతు వచ్చింది. టీకి పాలు పట్టుకుని నేను వెళ్ళేసరికి ఆంటీ బయట వానలో నిలబడి ఉన్నారు.

కిటికీలోంచి లోపలికి చూసి, "లోపలికి రండి ఆంటీ, ఆవిడకి మాట రావట్లేదు" అన్నాను.

"నేనొస్తే అందరూ నావైపే చూస్తారు. కాసేపు తడిస్తే ఏం కాదులే."

లోపల ఆమె గొంతు వినిపించాకే ఆంటీ వెళ్ళి చివరి కుర్చీలో కూర్చుని, మాట్లాడతానని చెయ్యెత్తారు. ముందే చెయ్యెత్తినవాళ్ళున్నారు, ఆగమని ఆమె సైగ చేసింది.

ఆంటీ చెయ్యి దించారు. అంత గర్వంగా చెయ్యి దించిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.