గేమ్స్ పిరియడ్

ఆ సాయంత్రం జగ్గయ్యపేటలో బడి వదిలాక విజయవాడ బస్సెక్కాను. నా పక్క సీటులో ఒక పెద్దాయన మోకాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అవస్థ పడుతున్నారు, అంత పొడుగు మనిషి. బాస్కెట్‌బాల్ కోచ్‌నని ఆయనే చెప్పారు. భిలాయి, కొచ్చి, మంగుళూరు తిరిగి, చివరికి మన వైపు బళ్లలో కూడా చేశారట.

"అన్ని ఊళ్లు ఎందుకు మారారండీ?" అన్నాను.

"ఎక్కడైనా ఒకటే కథండీ. పిల్లలు బంతి పట్టుకునేలోపు లెక్కల మాస్టారు వచ్చేస్తాడు. 'సిలబస్ అవలేదు సార్, ఈ ఒక్కరోజుకి మీ పిరియడ్ ఇవ్వండి' అంటాడు. ఆ ఒక్కరోజు పరీక్షల దాకా సాగుద్ది. పిల్లల్లేని కోర్టులో నేనేం చెయ్యను? ఇంకో ఊరు వెతుక్కునేవాణ్ణి."

నవ్వుతూనే చెప్పారు. తర్వాత, "మీరేం చేస్తుంటారు?" అని అడిగారు.

పదహారేళ్లుగా నేను చెప్పేది లెక్కలే. ఆ రోజు కూడా ఎనిమిదో తరగతి గేమ్స్ పిరియడ్ తీసుకునే బస్సెక్కాను.

"వ్యవసాయ ఆఫీసులో క్లర్కునండీ" అన్నాను.

ఆయన తలూపారు. నందిగామలో నేను దిగడానికి లేచేసరికి చెయ్యి చాపి, నా మోచేతి దగ్గర చొక్కాకి అంటిన సుద్దపొడిని మెల్లగా దులిపారు.

"జాగ్రత్తగా దిగండి" అన్నారు, అంతే.

అప్పటినుంచి బస్సెక్కే ముందు చేతులు కడుక్కుని, చొక్కా రెండు వైపులా దులుపుకుంటున్నాను. గేమ్స్ పిరియడ్ మాత్రం ఇంకా నేనే తీసుకుంటున్నాను.